లూథర్ గొడవ డబ్బు గురించా, సిద్ధాంతం గురించా?

పరీక్షల_శీను
అందరికీ నమస్తే. గ్రూప్స్ కోసం యూరప్ మత సంస్కరణోద్యమం చదువుతున్నాను. ఏ గైడ్ తీసినా ఒకటే పాట. పోపు పాప పరిహార పత్రాలు అమ్మించాడు, లూథర్‌కి కోపం వచ్చి 1517 అక్టోబర్ 31న విటెన్‌బర్గ్ చర్చి తలుపుకి 95 ప్రతిపాదనలు మేకులతో కొట్టాడు, ప్రొటెస్టెంట్ మతం పుట్టింది, అయిపోయింది. తలుపుకి కాగితం కొడితే యూరప్ రెండు ముక్కలైపోతుందా? అసలు గొడవ డబ్బు గురించా, సిద్ధాంతం గురించా, లేక రోమ్‌కి డబ్బు పోతోందని మండిపడ్డ జర్మన్ రాజులు లూథర్‌ని ముందు పెట్టి ఆడించారా? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి. మా మతం గొప్పంటే మా మతం గొప్పని కొట్టుకోకండి ప్లీజ్.

పాతకాగితం
శీనూ, మూడూ ఉన్నాయి, కానీ ఏది ముందు ఏది వెనక అన్నది చూడాలి. డబ్బు సంగతితో మొదలుపెడతాను, గైడ్లలో దాన్ని సగమే రాస్తారు కాబట్టి.

బ్రాండెన్‌బర్గ్ ఆల్బ్రెక్ట్ అని రాజకుటుంబం కుర్రాడు. 1513లో మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్ అయ్యాడు, హాల్బర్‌స్టాట్ పెత్తనం కూడా చేతికొచ్చింది. మరుసటి ఏడాది మైన్జ్ పీఠం ఖాళీ అయితే దానిమీదా కన్నేశాడు. మైన్జ్ ఆషామాషీ పదవి కాదు, చక్రవర్తిని ఎన్నుకునే ఏడు ఓట్లలో ఒకటి దానిది. ఒకే మనిషి ఇన్ని పీఠాలు పెట్టుకోకూడదని చర్చి చట్టం, పైగా ఆ కుర్రాడికి పాతికేళ్ళు కూడా లేవు, బిషప్ కావాలంటే ముప్ఫై ఉండాలి. చట్టం సడలించాలంటే రోమ్‌కి కట్టాలి. ఆ డబ్బు ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ల వడ్డీ వ్యాపారం దగ్గర అప్పు తెచ్చాడు, దాదాపు 29 వేల గుల్డెన్లు. తీర్చేదెలా? రోమ్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా కోసం ప్రకటించిన పరిహార పత్రాలను తన ఏలుబడిలో ఎనిమిదేళ్ళు ఇప్పించుకోవచ్చు, వచ్చిన దాంట్లో సగం బసిలికాకి, సగం అప్పుకి అని పదవ లియో పోపుతో ఒప్పందం. జనానికి బసిలికా సగం ఒక్కటే చెప్పారు. ప్రచారానికి దిగిన డొమినికన్ సన్యాసి యోహాన్ టెట్జెల్ వెంట ఫుగ్గర్ల గుమాస్తా కూడా తిరిగేవాడు, హుండీ తాళంచెవి ఒకటి అతని దగ్గరే ఉండేది.

ఈ లోపాయికారీ ఒప్పందం లూథర్‌కి అప్పటికి తెలియదు! అంటే అతను డబ్బు కుంభకోణం బయటపెట్టడానికి కలం పట్టలేదు. అతన్ని రెచ్చగొట్టింది టెట్జెల్ బోధ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. విటెన్‌బర్గ్ ఉన్న సాక్సనీకి రాజు ఫ్రెడరిక్, టెట్జెల్‌ని తన సరిహద్దులోకి రానివ్వలేదు. భక్తితో అనుకునేరు. ఆయన కోట చర్చిలో 19 వేల పైచిలుకు పవిత్ర అవశేషాలు పోగేసి పెట్టుకున్నాడు, వాటిని దర్శించుకున్నవాళ్ళకి దక్కే పరిహారాలు వేరే ఉన్నాయి. తన జనం డబ్బు పక్క రాజ్యం పట్టుకుపోవడం ఆయనకి ఇష్టం లేదు, అంతే. జనం మాత్రం సరిహద్దు దాటి యూటర్‌బోగ్ వెళ్ళి పత్రాలు కొనుక్కొచ్చి, మాకు ఇక పాప సంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) అక్కర్లేదు అని లూథర్‌కే చూపించారు. అక్కడ తిక్కరేగింది.

బెజవాడ_జోజి
నేను ఆర్సీఎం, అంటే రోమన్ కాథలిక్. పాతకాగితం గారు రాసినదాంట్లో తప్పు లేదు, కానీ "పాపాలు అమ్మారు" అని ప్రతి క్రిస్మస్‌కి మా చుట్టాలు ఎత్తిపొడుస్తుంటారు కాబట్టి చర్చి బోధ ఏమిటో ఒక్కసారి చెప్పనివ్వండి. పాప క్షమాపణ పాప సంకీర్తనంలోనే దొరుకుతుంది, పశ్చాత్తాపం ఉంటేనే. క్షమించిన తర్వాత కూడా మిగిలే శిక్ష, అంటే ఇక్కడో, చనిపోయాక ఆత్మ శుద్ధి పొందే ఉత్తరించు స్థలంలోనో అనుభవించాల్సిన దాన్ని తగ్గించేదే పరిహారం. ఆల్బ్రెక్ట్ తన బోధకులకి ఇచ్చిన సూచనల్లో రేట్లు నిజంగానే ఉన్నాయి: రాజులు, ఆర్చిబిషప్‌లు 25 బంగారు ఫ్లోరిన్లు, అక్కడి నుంచి అంతస్తును బట్టి దిగుతూ వస్తాయి. కానీ ఏమీ లేనివాడు ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తే చాలు అని కూడా అందులోనే ఉంది.

ఇంకోటి, 95 ప్రతిపాదనల్లో 71వది చదవండి. అపోస్తలిక (పోపు ఇచ్చే) పరిహారాల సత్యానికి విరుద్ధంగా మాట్లాడేవాడు శాపగ్రస్తుడు అని లూథరే రాశాడు. అంటే 1517లో అతను ఇంకా మా మనిషే.

మేకుల కథ మీద కూడా అనుమానాలు ఉన్నాయి. లూథర్ తన రాతల్లో ఎక్కడా ఆ మాట చెప్పుకోలేదు. అచ్చులోకి ఎక్కించింది అతని సహచరుడు మెలాంక్తన్, అదీ 1546లో లూథర్ పోయాక. 1517లో మెలాంక్తన్ విటెన్‌బర్గ్‌లోనే లేడు, వచ్చింది మరుసటి ఏడాది. ఖాయంగా చెప్పగలిగేది ఏంటంటే ఆ రోజు తేదీతో ఆల్బ్రెక్ట్‌కి లూథర్ ఉత్తరం రాశాడు.

గుంటూరు_ఏబెల్
జోజి గారూ, కాగితం మీద మీ చర్చి బోధ ఎంత చక్కగా ఉన్నా సంతలో నిలబడి టెట్జెల్ చెప్పింది అది కాదు కదండీ. చచ్చిపోయిన మీ అమ్మానాన్నలు మంటల్లో కేకలు పెడుతున్నారు, నాణెం పెట్టెలో గలగలమనగానే ఆత్మ ఎగిరిపోతుంది అని బోధిస్తే పల్లెటూరి మనిషి మీరు చెప్పిన తేడాలన్నీ విడదీసుకుంటాడా? 27వ ప్రతిపాదన దానిమీదే.

71 చదివారు, బాగుంది, 86 కూడా చదవండి. క్రాసస్ కంటే ధనవంతుడైన పోపు సెయింట్ పీటర్స్‌ని తన సొంత డబ్బుతో ఎందుకు కట్టకూడదు, పేద విశ్వాసుల డబ్బు ఎందుకు అని జనం అడుగుతున్నారు అంటాడు. 50లో ఇంకా ఘాటుగా, తన గొర్రెల చర్మంతో, మాంసంతో, ఎముకలతో బసిలికా కట్టడం కన్నా అది బూడిదైపోవడమే పోపుకి ఇష్టంగా ఉంటుంది, ఈ దోపిడీ సంగతి ఆయనకి తెలిస్తే, అని. తెలిస్తే అన్నాడు చూడండి. పోపు మంచివాడే, కింది వాళ్ళు చెడగొడుతున్నారు అని అప్పటికి నమ్ముతున్నాడు.

శీను గారి ప్రశ్నకి నా జవాబు: డబ్బు కాదు. నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును, రోమా 1:17. సన్యాసిగా ఎన్ని ఉపవాసాలు చేసినా, రోజూ గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నా మనిషికి నెమ్మది దొరకలేదు. దేవుడు ఉచితంగా ఇచ్చేదాన్ని మనం క్రియలతో సంపాదించుకోలేం అన్న సంగతి ఆ వాక్యంలో దొరికాక పత్రాలే కాదు, మొక్కుబడులు, సన్యాసం, అన్నీ కదిలిపోయాయి.

పాతకాగితం
ఏబెల్ గారూ, ఆ మాట నిజమే. కానీ నీతి గురించిన వాదన ఒక్కటే అయితే విశ్వవిద్యాలయాల్లో పండితులు ఇంకో యాభై ఏళ్ళు వాదించుకుని ఊరుకునేవాళ్ళేమో. ముడి ఇంకోచోట పడింది. 1519 జులైలో లైప్‌జిగ్‌లో యోహాన్ ఎక్ అనే వేదాంతి లూథర్‌తో బహిరంగ వాదానికి దిగాడు. ఎక్ మహా గట్టివాడు. పరిహారాలు పక్కన పెట్టి, నువ్వనేవి యాన్ హుస్ అన్న మాటలే కదా అని లూథర్‌ని ఒక మూలకి నెట్టుకుంటూ వెళ్ళాడు. హుస్‌ని 1415లో కాన్‌స్టాన్స్‌లో జరిగిన చర్చి మహాసభ కాల్చి చంపించింది. లూథర్ ముందు తప్పించుకున్నాడు, మధ్యాహ్నం విరామంలో లైబ్రరీకి వెళ్ళి ఆ తీర్పు చదివాడు, తిరిగొచ్చి హుస్ మాటల్లో చాలావరకు క్రైస్తవానికి తగినవే, మహాసభలు కూడా పొరపడగలవు అనేశాడు.

ఎక్‌కి కావాల్సిందీ అదే. పోపు పొరపడొచ్చు అంటే అప్పట్లో అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, మహాసభ పైన ఉందిలే అని సర్దుకునేవాళ్ళు. మహాసభ కూడా పొరపడొచ్చు అంటే మరి తీర్పరి ఎవరు? లేఖనం. సరే, ఆ లేఖనానికి అర్థం ఇదీ అని చెప్పేది ఎవరు? నన్నడిగితే ఇదే అసలు గొడవ, ఆ తర్వాత జరిగినదంతా ఈ ప్రశ్న తోకే. 1520లో మాటలు వెనక్కి తీసుకోమని పోపు శాసనం పంపి 60 రోజుల గడువు ఇచ్చాడు, లూథర్ ఆ డిసెంబర్ 10న ఆ కాగితాన్నే తగలబెట్టాడు, 1521 జనవరిలో వెలి వేశారు.

పరీక్షల_శీను
మరి హుస్‌ని కాల్చినట్టు ఇతన్ని ఎందుకు కాల్చలేదు?

పాతకాగితం
రాజు అండ. హుస్‌కి కూడా చక్రవర్తి అభయపత్రం ఇచ్చాడు, అయినా వదల్లేదు. 1521 వోర్మ్స్ సభలో చక్రవర్తి ఐదవ చార్లెస్ ముందు లూథర్ తన రాతలు వెనక్కి తీసుకోనన్నాక, ఇంటికి పోయే దారిలో ఫ్రెడరిక్ మనుషులే దొంగల్లా అటకాయించి వార్ట్‌బర్గ్ కోటకి ఎత్తుకుపోయారు. గడ్డం పెంచి, పేరు మార్చుకుని అక్కడ దాక్కున్నాడు. చార్లెస్‌కి ఫ్రాన్స్‌తో ఒకవైపు, తురుష్కులతో ఒకవైపు యుద్ధాలు, జర్మన్ రాజుల సాయం లేకుండా గడవదు, కాబట్టి ఒక సన్యాసి కోసం వాళ్ళతో తెగతెంపులు చేసుకోలేడు.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగోడు
వార్ట్‌బర్గ్ వెళ్ళాను. గది చాలా చిన్నది, చెక్క గోడలు, ఒక బల్ల, పచ్చ పలకల పొయ్యి. అక్కడే కొత్త నిబంధన గ్రీకు నుంచి జర్మన్‌లోకి కొన్ని వారాల్లో చేసేశాడు. 1522 సెప్టెంబర్‌లో అచ్చయింది, మూడు వేల కాపీలు అంటారు, డిసెంబర్‌కల్లా రెండో ముద్రణ వేయాల్సొచ్చింది. జనానికి మొదటిసారి బైబిల్ చేతికొచ్చింది.

బెజవాడ_జోజి
మొదటిసారి కాదు సర్. అంతకుముందే జర్మన్‌లో పూర్తి బైబిల్ 18 సార్లు అచ్చయింది, మొదటిది 1466లో స్ట్రాస్‌బర్గ్‌లో. చర్చి బైబిల్‌ని దాచిపెట్టింది అనే మాట అందరూ చిలకపలుకుల్లా పలుకుతుంటారు.

గుంటూరు_ఏబెల్
అచ్చయ్యాయి. లాటిన్ నుంచి మాటకి మాట దించినవి, బరువు, ఖరీదు. లూథర్‌ది గ్రీకు నుంచి, ఇంట్లో ఆడవాళ్ళు, సంతలో మామూలు మనిషి మాట్లాడే భాషలో. మీ వైపు జార్జ్ ప్రభువు తన రాజ్యంలో దాన్ని నిషేధించి ఎమ్సర్ అనే పండితుడి చేత కాథలిక్ కొత్త నిబంధన వేయిస్తే, అది చాలావరకు లూథర్ అనువాదాన్నే దిద్దినట్టు ఉంది. లూథర్ ఆ సంగతి చెప్పి పడీపడీ ఎగతాళి చేశాడు.

కొలిమి_నిప్పు
అందరూ పండితుల గురించే మాట్లాడుతున్నారు, రైతుల ఊసే లేదే? 1524-25లో జర్మన్ రైతులు తిరగబడ్డారు. మెమ్మింగెన్‌లో 12 డిమాండ్లు రాసుకున్నారు: మా పాస్టర్‌ని మేమే ఎన్నుకుంటాం, వెట్టి బానిసత్వం పోవాలి ఎందుకంటే క్రీస్తు అందరి కోసం రక్తం కార్చాడు, అడవిలో కట్టెలు, ఏట్లో చేపలు అందరివీ. లేఖనంతో తప్పని రుజువు చేస్తే ఏ డిమాండైనా వదిలేస్తాం అని కూడా రాశారు. లూథర్ దగ్గర నేర్చుకున్న పాఠమే కదా అది! మొదట రెండు వైపులనీ మందలించిన లూథర్, గొడవలు ముదిరాక దొంగలు, హంతకులు అయిన రైతుల్ని పొడవండి, కొట్టండి, చంపండి అని రాజులకి కరపత్రం రాసిచ్చాడు. 1525 మేలో ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర ఊచకోత, రైతుల వైపు నిలిచిన బోధకుడు థామస్ ముంట్జర్ తల నరికేశారు. మొత్తం మీద లక్ష మంది వరకు చచ్చారని అంచనా. స్వేచ్ఛ ఆత్మకే, పొలానికి కాదు.

గుంటూరు_ఏబెల్
ఆ కరపత్రాన్ని నేను సమర్థించను. 1543లో యూదుల మీద రాసింది కూడా. మా సండే స్కూల్లో ఇవి చెప్పరు, చెప్పాలి.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగోడు
పాతకాగితం గారు అర్థం చెప్పేది ఎవరు అన్నారు కదా, దానికి మార్బుర్గ్‌ని మించిన ఉదాహరణ లేదు. మా ఇంటి నుంచి రైల్లో గంట. కొండ మీద కోట, 1529 అక్టోబర్ మొదట్లో హెస్సే ప్రభువు ఫిలిప్ అక్కడికి లూథర్‌ని, జూరిక్ నుంచి అక్కడి సంస్కర్త జ్వింగ్లీని పిలిపించాడు. ఫిలిప్‌కి కావాల్సింది పొత్తు, కాథలిక్ రాజులు మీదికొస్తే కలిసి నిలబడాలని.

జ్వింగ్లీది వేరే రకం మొదలు. 1522 లెంట్‌లో (ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలం) జూరిక్‌లో ఫ్రోషౌర్ అనే అచ్చాపీసు యజమాని ఇంట్లో, పనితో అలిసిపోయిన మనుషులు మాంసం సాసేజ్‌లు ముక్కలు చేసుకుని తిన్నారు. జ్వింగ్లీ పక్కనే కూర్చున్నాడు గానీ ముట్టలేదు. తర్వాత ఉపవాసం ఉండాలో లేదో మనిషి ఇష్టం, లేఖనంలో ఆ నిషేధం లేదు అని ప్రసంగించాడు. కాబట్టి లేఖనమే ప్రమాణం అనేదాంట్లో ఇద్దరూ ఒకటే.

మార్బుర్గ్‌లో 15 అంశాల మీద మాట్లాడుకున్నారు, 14 కుదిరాయి. 15వది ప్రభు సంస్కారం. రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందని లూథర్, అది జ్ఞాపకార్థం, గుర్తు మాత్రమే అని జ్వింగ్లీ. లూథర్ ముందే బల్ల మీద సుద్దతో లాటిన్‌లో "ఇది నా శరీరము" అని రాసి, పైన వెల్వెట్ గుడ్డ కప్పి ఉంచాడు. జ్వింగ్లీ లేఖనంలో రుజువు చూపించమనగానే గుడ్డ లాగేసి ఇదిగో రుజువు అన్నాడు. జ్వింగ్లీ కన్నీళ్ళు పెట్టుకుని మీతో కలిసి ఉండటం కంటే నాకు కావాల్సింది లేదు అన్నా లూథర్ మెత్తబడలేదు. రెండేళ్ళకి 1531లో కాథలిక్ కాంటన్లతో (స్విస్ రాష్ట్రాలతో) కాపెల్ యుద్ధంలో జ్వింగ్లీ చచ్చిపోయాడు.

ఒకే పుస్తకం, ఒకే వాక్యం, ఇద్దరు మహా పండితులు. పోపు అక్కడ లేడు.

బెజవాడ_జోజి
ఇదే కదా నేను చెప్పేది. తీర్పరి వద్దన్నారు, పన్నెండేళ్ళు తిరిగేసరికి మీలో మీకే పొసగలేదు.

పాలమూరు_పోరడు
జోజన్నా ఆగు, ఇద్దరి లెక్కా తేల్చాలి. మాది మెన్నోనైట్ బ్రెదరెన్ చర్చి. అనాబాప్టిస్టుల పేరు ఈ థ్రెడ్‌లో ఇంతవరకు ఒక్కరూ ఎత్తలేదు.

జూరిక్‌లో జ్వింగ్లీ శిష్యులే కొందరు, లేఖనమే ప్రమాణం అయితే పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వమని ఎక్కడుంది, నమ్మినవాడు తన నోటితో ఒప్పుకుని తీసుకోవాలి కదా అని అడిగారు. 1525 జనవరి 21న పెద్దయ్యాక ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. అప్పట్లో పిల్లకి బాప్తిస్మం అంటే ఊరి లెక్కలో పేరు ఎక్కినట్టే, వద్దంటే చర్చినే కాదు సర్కారునీ కాదన్నట్టు. నగర సభ మరణశిక్ష చట్టం చేసింది. 1527 జనవరి 5న ఫెలిక్స్ మాంజ్‌ని లిమ్మాట్ నదిలోకి పడవ మీద తీసుకుపోయారు. చేతులు మోకాళ్ళ కిందికి దించి కట్టి, మధ్యలోంచి కర్ర దూర్చి, నీళ్ళలోకి తోసేశారు. ఒడ్డు మీద అతని తల్లి, తమ్ముడు నిలబడి విశ్వాసం వదలొద్దని కేకేస్తున్నారు. ముంచింది కాథలిక్కులు కాదు, జ్వింగ్లీ ఊరి ప్రొటెస్టెంట్ సర్కారు.

ఇంకోటి వినండి. 1529లో స్పేయర్ సభ. చక్రవర్తి పక్షం సంస్కరణలు ఆపేయమన్నప్పుడు ఆరుగురు ప్రభువులు, 14 నగరాలు మనస్సాక్షి పేరుతో నిరసన తెలిపారు, ప్రొటెస్టెంట్ అన్న పేరు అక్కడే పుట్టింది. అదే సభలో అనాబాప్టిస్టులకి మరణశిక్ష అన్న శాసనం కూడా వచ్చింది, దానికి మాత్రం రెండు పక్షాలూ సై అన్నాయి. మా మీద మాత్రం అందరికీ ఐకమత్యం!

మా వాళ్ళని తరుముతుంటే పోతూ పోతూ రష్యా దాకా పోయారు, అక్కడి మెన్నోనైట్ బ్రెదరెన్ మిషనరీలే 1889లో నల్లగొండకి వచ్చారు. పాలమూరు, జడ్చర్ల వైపు మా చర్చిలన్నీ ఆ వంశమే. 2004లో జూరిక్ సంస్కరణ చర్చి లిమ్మాట్ ఒడ్డున జ్ఞాపక ఫలకం పెట్టింది, 2010లో స్టుట్‌గార్ట్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య మెన్నోనైట్లని క్షమాపణ అడిగింది. దాదాపు అయిదొందల ఏళ్ళు పట్టింది.

కొలిమి_నిప్పు
మ్యున్‌స్టర్ కూడా చెప్పు తమ్ముడూ. 1534-35లో అనాబాప్టిస్టులే ఊరు పట్టుకుని, బలవంతపు బాప్తిస్మాలు, బహుభార్యత్వం అన్నీ చేశారు.

పాలమూరు_పోరడు
చెప్తాను, దాచేదేముంది. నాయకులని చిత్రహింసలు పెట్టి చంపి శవాలని ఇనుప బోనుల్లో చర్చి గోపురానికి వేలాడదీశారు, బోనులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ ఘోరం చూశాకే మెన్నో సైమన్స్ కత్తి పట్టకూడదని గట్టిగా బోధించాడు.

మోడరేటర్
ఒక కామెంట్ తీసేశాను. మరియమాత గురించి, పాస్టర్ల కార్ల గురించి వెటకారాలు ఇక్కడ వద్దు.

పరీక్షల_శీను
హెన్రీ 8 సంగతి? పరీక్షలో ఎక్కువ అడిగేది అదే.

పాతకాగితం
అది చాలావరకు విడాకుల, వారసుడి గొడవ. 1521లో లూథర్‌ని ఖండిస్తూ పుస్తకం రాసి పోపు దగ్గర విశ్వాస రక్షకుడు అని బిరుదు తెచ్చుకున్న మనిషి, 1534లో తానే ఇంగ్లండ్ చర్చికి అధిపతినన్నాడు. మఠాల ఆస్తులు లాక్కున్నాడు. రాజుదే పెత్తనం అని ఒప్పుకోనందుకు కాథలిక్ థామస్ మోర్ తల తీయించాడు, లూథర్ బోధ పట్టుకున్నవాళ్ళనీ కాల్పించాడు. కూతురు మేరీ కాలంలో 280 మంది దాకా ప్రొటెస్టెంట్లు మంటల్లో పోయారు, ఎలిజబెత్ కాలంలో కాథలిక్ గురువుల వంతు. ఫ్రాన్స్‌లో 1572 ఆగస్టు 24 బర్తలోమయి దినం ప్రొటెస్టెంట్ల ఊచకోత, వాళ్ళకి ఆరాధన హక్కు ఇచ్చిన 1598 నాంట్ శాసనం, 1685లో దాని రద్దు. జర్మనీలో 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందం: రాజు మతమే రాజ్యం మతం, ఇష్టం లేనివాడు ఊరు వదిలిపోవచ్చు. అది నిలవక 1618 నుంచి 1648 దాకా ముప్ఫై ఏళ్ళ యుద్ధం. ఈ తేదీలు రాసుకో, చాలు. జెనీవా మాత్రం వదలకు: 1553లో త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్ ఫ్రాన్స్‌లో కాథలిక్కుల జైలు నుంచి పారిపోతే, అతను లేకుండానే అక్కడ మరణశిక్ష వేశారు; ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ ఊరైన జెనీవాకి వస్తే, ఇక్కడ నిజంగానే కాల్చేశారు.

బెజవాడ_జోజి
మా వైపు మార్పు రాలేదని కూడా అనుకోకండి. ట్రెంట్ మహాసభ 1545లో మొదలై ఆగుతూ సాగుతూ 1563లో ముగిసింది. సిద్ధాంతంలో లూథర్‌కి ఒక్క అంగుళం ఇవ్వలేదు: ఏడు సంస్కారాలు ఉన్నాయి, దివ్యసత్ప్రసాదంలో (ప్రభు సంస్కారం) క్రీస్తు నిజంగా ఉన్నాడు, లేఖనంతో పాటు పారంపర్యం కూడా ప్రమాణం. కానీ ఇంటి శుభ్రం గట్టిగానే చేశారు. పరిహారాల చందాలు వసూలు చేసే ఉద్యోగాలే ఎత్తేశారు, 1567లో ఐదవ పయస్ పోపు డబ్బుతో ముడిపడిన పరిహారాలని రద్దు చేశాడు. బిషప్ తన పీఠంలోనే కాపురం ఉండాలి, గురువులు కావాలనుకునేవాళ్ళకి సెమినరీ చదువు ఉండాలి అని తీర్మానించారు. ఆల్బ్రెక్ట్ లాంటివాడు మూడు పీఠాల మీద కూర్చోవడం కష్టమైంది. ఇది 1517కి ముందే చేసి ఉంటే అని నాకూ అనిపిస్తుంది, కానీ లైప్‌జిగ్ ప్రశ్న అప్పుడూ మిగిలేది.

గుంటూరు_ఏబెల్
శీను గారికి మన నేల సంగతి ఒకటి. లూథర్ 1529లో ఇంటి యజమాని పిల్లలకి నేర్పాలని చిన్న కాటెకిజం (ప్రశ్న, జవాబుల విశ్వాస పాఠం) రాశాడు. తరంగంబాడి డేనిష్-హాలే మిషన్‌కి వచ్చి తర్వాత మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్ట్జ్ దాన్ని తెలుగు చేశాడు, 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. తెలుగులో తొలి అచ్చు పుస్తకాల్లో ఒకటి అది. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చేసరికి దానికి దాదాపు వందేళ్ళు. నేను కన్ఫర్మేషన్ క్లాసులో "దీనికి అర్థమేమి?" అని బట్టీపట్టింది ఆ కాటెకిజమే.

తాడేపల్లి_అక్క
ఇంత చదివాక నా సొంత ప్రశ్న. మాది ఆర్సీఎం, మా అమ్మాయికి లూథరన్ సంబంధం కుదిరింది. 1999లో రెండు చర్చిలు ఏదో ఒప్పందం మీద సంతకం చేశాయంటారు, మరి ఇప్పుడు ఇబ్బంది లేనట్టేనా? వియ్యంకులు మళ్ళీ జ్ఞానస్నానం (బాప్తిస్మం) అడుగుతారేమో అని మా ఆయనకి ఒకటే టెన్షన్.

గుంటూరు_ఏబెల్
అక్కా, లూథరన్లు మళ్ళీ ఇవ్వరు, మీ జ్ఞానస్నానం మాకు చెల్లుతుంది.

పాలమూరు_పోరడు
మా దగ్గరైతే ముంచుడే 🙂

బెజవాడ_జోజి
అక్కా, ఆ ఒప్పందం 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో జరిగింది. మనిషి దేవుని కృప వల్లే నీతిమంతుడవుతాడు అన్నదాంట్లో ఒక ఉమ్మడి మాటకి వచ్చారు. ఏబెల్ గారి రోమా 1:17 గొడవ చాలావరకు సద్దుమణిగిందనే చెప్పొచ్చు. సత్ప్రసాదం మాత్రం ఇంకా కలిసి తీసుకోవడం లేదు, పోపు అధికారం దగ్గరా అంతే. కాబట్టి పెళ్ళి పూజలో అబ్బాయి వైపు వాళ్ళు సత్ప్రసాదానికి వరసలో నిలబడితే ఇబ్బంది అవుతుంది, ముందే చెప్పి పెట్టండి. చాలామంది ఫాదర్లు ఇలాంటప్పుడు పూజ లేకుండా వాక్య ప్రార్థనతోనే పెళ్ళి జరిపిస్తారు.

మిశ్రమ వివాహానికి మేత్రాణుల (బిషప్) అనుమతి కావాలి, అది మీ విచారణ ఫాదర్ గారి ద్వారా వెళ్తుంది. పిల్లల్ని కాథలిక్ విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని మీ అమ్మాయి మాట ఇవ్వాలి, ఆ సంగతి అబ్బాయికి తెలియజేస్తారు, 1970 నుంచి అతని చేత మాట తీసుకోరు. చర్చిలో పెళ్ళి ప్రకటనలు చదవడానికి కూడా టైం పడుతుంది కాబట్టి ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ కంటే ముందు ఈ పని పెట్టుకోండి. ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇద్దరి బాప్తిస్మం సర్టిఫికెట్లు తీసుకెళ్ళండి, మొదట అడిగేది అవే.